నలభై మూడుకు పదకొండు

మా పెళ్లిచూపులకు ఆయన రెండు సీట్ల కారులో వచ్చారు. ఒక సీటులో ఆయన, రెండో సీటులో పండ్ల బుట్ట. వాళ్ళమ్మా, ఇద్దరన్నలూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చి నగరిలో దిగి, మా వీధి దాకా ఎండలో నడిచారు. కారు చప్పుడు విని మగ్గాల మీద నుంచి లేచి వచ్చిన వాళ్ళతో వీధి నిండిపోయింది. నేల మీద పాకుతున్నంత పొట్టిగా, పొడుగాటి ముక్కుతో, గుడ్డ పైకప్పుతో ఉన్న ఆ ఇంగ్లండు బండిని అందరూ చూశారు. పెళ్లికొడుకును చూసిన వాళ్ళు తక్కువ.

మా మేనత్త నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "ఇద్దురు కూసునే బండి మ్మే. మూడో మనిసికి సోటే లేదు. ఆయప్పకు పెండ్లాం తప్ప ఇంకెవురూ అక్కర్లేదని అర్థం," అంది.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివి, తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆయనకు ముప్పై ఆరు. చిత్తూరులో వాళ్ళది బెల్లం మండీ. దాన్ని అన్నలకు వదిలేసి, తిరుపతిలో రైల్వే స్టేషను దగ్గర లారీ విడిభాగాల అంగడి పెట్టుకున్నారు. ఇద్దరికీ పెళ్లి ఆలస్యమైందన్నది తప్ప మాలో ఇంకో పోలిక ఎవరికీ కనిపించలేదు. అయినా పెళ్లి జరిగింది. అది డెబ్బైల నడుమ.

మేనత్త చెప్పిన అర్థం తప్పని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఆయన చెడ్డవారు కాదు. ఎన్నడూ గొంతు పెంచి ఎరుగరు. పొద్దున్నే లేచి బావి నుంచి నీళ్ళు తోడి తొట్టి నింపేవారు. నా కళ్ళజోడు కాలు విరిగితే నేను అడగకముందే సరిచేసి బల్ల మీద పెట్టేవారు. కానీ మాట్లాడేవారు కాదు. అంగడి నుంచి వచ్చి, అన్నం తిని, వెనక రేకుల షెడ్డులో ఉన్న కారు దగ్గరికి వెళ్ళిపోయేవారు. అక్కడ నుంచి స్పానర్ చప్పుడు వినిపిస్తూ ఉండేది. నేను ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని.

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవ ఉండదు. చిత్తూరు వాళ్ళు, నగరి వాళ్ళు, నేనెప్పుడూ చూడని పలమనేరు వాళ్ళు వారానికొక గుంపుగా దిగేవారు. చాపలు పరుచుకుని పడుకుని, తెల్లవారి కొండెక్కి, గుండ్లతో తిరిగొచ్చి, భోంచేసి బస్సెక్కేవారు. ఇల్లంతా లడ్డు వాసన, తడి తువ్వాళ్ళు. ఎన్ని గంటలు నిలబడ్డారో, ఎన్ని క్షణాలు చూశారో చెప్పుకునేవారు. వాళ్ళు వెళ్ళిన సాయంత్రం ఇల్లు మరీ పెద్దదిగా కనిపించేది. నేనూ ఆయనా ఎదురుబొదురుగా కూర్చుని చారన్నం తినేవాళ్ళం. "సారు బాగుండాది," అనేవారు ఆయన. అంతే.

రోజు మొత్తంలో నేను ఎదురుచూసేది పొద్దున పన్నెండు నిమిషాల కోసం. అంగడి తెరవడానికి ముందు ఆయన నన్ను కారులో కాలేజీ గేటు దగ్గర దింపేవారు. ఇంజను మోతలో మాటలు వినిపించేవి కాదు, కాబట్టి మాట్లాడకపోవడం తప్పుగా ఉండేది కాదు. సీట్లు దగ్గర కావడంతో భుజానికి భుజం తగిలేది. ఆయన గేరు మార్చినప్పుడల్లా చెయ్యి నా చీర కుచ్చెళ్ళను రాసుకుంటూ పోయేది. మా ఇంటి నుంచి కాలేజీకి ఎన్నిసార్లు గేరు మార్చాలో నాకు తెలుసు.

పెళ్ళయిన మూడో ఏడు, వానలు వెనకబట్టిన ఒక సాయంత్రం, ఆయన షెడ్డులోకి వెళ్ళకుండా ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. కాగితానికి గ్రీజు మరకలు. దాని మీద అంకెలు.

"ఒక లెక్క సేసి పెడ్తావా?" అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నేను పేపర్లు పక్కకు నెట్టేశాను.

ఆ కారును గంటకు నూట అరవై కిలోమీటర్ల వేగంతో, అంటే పాత లెక్కలో నూరు మైళ్ళు, ఒక్కసారి నడపాలని ఆయన కోరిక. కొత్తగా ఉన్నప్పుడు అంత పోయేదట. మద్రాసులో ఏదో కంపెనీ దొర దాన్ని అమ్మి తన దేశం వెళ్ళిపోయేటప్పుడు చెప్పాడట.

"ఎందుకు పోవాలి అంత వేగం?" అని అడిగాను.

ఆయన కాగితాన్ని నా ముందు పరిచారు. "ఎందుకంటే ఏం సెప్పేది? పోవాల," అన్నారు.

తర్వాత గేర్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. అంత పొడుగు మాటలు ఆయన నోట ఎన్నడూ వినలేదు. ఇంజను ఎంత తిరిగితే చక్రం ఎంత తిరగాలన్నది గేర్ల పళ్ళు నిర్ణయిస్తాయి. మొదటి గేరులో ఇంజను చాలా తిరిగితే చక్రం కొంచెం తిరుగుతుంది. బండి మెల్లగా, బలంగా కదులుతుంది. నాలుగో గేరులో తక్కువ తిరుగుళ్ళకే ఎక్కువ దూరం. ఇవి కాక వెనక ఇరుసులో ఇంకో జత ఉంటుంది, పెద్ద చక్రానికి నలభై మూడు పళ్ళు, దాన్ని తిప్పే చిన్నదానికి పది. అన్ని గేర్ల లెక్కా ఆఖరికి ఆ జత గుండానే పోవాలి.

"ఈ బండిలో మూడో గేరుకు, నాలుగో గేరుకు మధ్యన ఎడం శానా ఎక్కువ," అన్నారు. "మూడులో బాగా లాగుతా ఉంటాది. నాలుగుకు మారస్తానే ఇంజను నిద్రపోతాది. మళ్ళా లేసే లోపల రోడ్డు అయిపోతాది. గేర్లు ఒకదానికొకటి దగ్గిరగా ఉండే సెట్టు పందేల కార్లలో ఏస్తారు. మద్రాసులో ఒకాయన దగ్గిర ఉండాది. కానీ ఏసేదానికి ముందు లెక్క కావాల నాకు."

మరుసటి ఆదివారం టైరు చుట్టుకొలత తీశాం. బరువు పడినప్పుడు టైరు అణుగుతుంది కాబట్టి నన్ను కారులో కూర్చోమన్నారు. టైరు మీద సుద్దతో గీత గీసి, నేల మీద గుర్తు పెట్టి, ఆయన వెనక నుంచి తోశారు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి రెండు మీటర్లు. జాకెట్లు కుట్టే టేపుతో నేనే కొలిచాను. గోడ మీద నుంచి పక్కింటావిడ చూసి, "ఏంది, బండి సెడిపోయిందా?" అంది. "లేదు, కొలుస్తున్నాం," అన్నాను. ఆ మాటలో 'మేము' అన్నది నాకే వినిపించి లోపల ఏదో తేలికైంది.

కాలేజీ ఫిజిక్స్ ల్యాబు నుంచి స్టాప్‌వాచ్ అడిగి తెచ్చుకున్నాను. రేణిగుంట రోడ్డు మీద, ఆయన కారును వంద దాటించి గేరు తీసేసి వదిలేసేవారు. బండి తనంతట తాను వేగం తగ్గుతుంటే, ముల్లు చూస్తూ "వంద... తొంభై..." అని అరిచేవారు. నేను వాచీ నొక్కి రాసుకునేదాన్ని. ఎంత తొందరగా వేగం పడిపోతుందో చూస్తే, గాలీ రోడ్డూ బండిని ఎంత బలంగా వెనక్కి నెడుతున్నాయో తెలుస్తుంది. నా జుట్టంతా రేగిపోయేది. ముక్కులో దుమ్ము. తిరిగొచ్చేటప్పుడు ఆయన తనలో తాను నవ్వుకునేవారు. నన్ను చూసి నవ్వినట్టే అనుకునేదాన్ని.

ఒక తెల్లవారుజామున పులికాట్ ఒడ్డుకు వెళ్ళాం. సరస్సు పక్కన పొలాలు లేని, చెట్లు లేని తిన్నటి రోడ్డు ఒకటి ఆయనకు తెలుసు. పాత గేర్లతోనే పరుగెత్తించి చూశారు. నేను రోడ్డు పక్కన కిలోమీటరు రాయి దగ్గర వాచీతో నిలబడ్డాను. ఆయన ఒక కిలోమీటరు అవతలున్న రాయి దాటగానే హెడ్‌లైట్లు వేస్తారు, నేను వాచీ నొక్కాలి. నన్ను దాటగానే ఆపాలి. ఇరవై అయిదు సెకన్లు. అంటే నూట నలభై నాలుగు. నూట అరవైకి ఇరవై రెండున్నర కావాలి.

"ఇంకా లాగుతాది, కానీ నేనే కాలు తీసేసినాను," అన్నారు. ఇంజను నిమిషానికి అయిదువేల రెండు వందల చుట్లు తిరుగుతోంది. అంతకు మించితే లోపల వాల్వులు విరిగిపోతాయని తిరుపతిలో బండ్లు బాగుచేసే మేస్త్రి ముందే చెప్పాడట. అంటే ఇంజనుకు బలముంది, గేరు చాలడం లేదు అని ఆయన తీర్మానం. అవే చుట్లకు చక్రం ఎక్కువ తిరగాలంటే వెనక ఇరుసులో పళ్ళు మార్చాలి. మద్రాసు పాత సామాన్ల బజారులో రెండు జతలు చూసి వచ్చారు. నలభై ఒకటికి పది ఒకటి. నలభై మూడుకు పదకొండు ఇంకొకటి.

లెక్క వేశాను. మొదటి జతతో అవే చుట్లకు నూట యాభై రెండు వస్తుంది. రెండో జతతో సరిగ్గా నూట అరవై. అంకె అంత సరిగ్గా రావడం చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"ఇంజను అంత పెద్ద గేరును లాగుతాదా? అది సూడు," అన్నారు.

రేణిగుంట రోడ్డు అంకెలు తీశాను. వంద వేగంలో బండికి పద్దెనిమిది హార్స్ పవర్ ఖర్చవుతోంది. గాలి తోపు వేగపు వర్గంతో పెరుగుతుందని పుస్తకంలో ఉంది. నూట అరవై అంటే వందకు ఒకటిన్నర దాటి ఒకటీ పాయింటు ఆరు రెట్లు. దాని వర్గం రెండున్నర పైచిలుకు. పద్దెనిమిదిని దానితో గుణిస్తే నలభై ఆరు. ఇంజను కొత్తగా ఉన్నప్పుడు అరవై ఎనిమిది ఇచ్చేదని బండి పుస్తకంలో ఉంది. ఎంత అరిగినా నలభై ఆరు ఇవ్వకపోతుందా?

"లాగుతుంది. బోలెడు మిగులు," అన్నాను.

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఒకటి ఉండాది. ఈ గేర్లన్నీ ఏస్తే మొదటి గేరు పొడుగైపోతాది. బండి కదిలించేదానికి కష్టం. ఊర్లో, జనంలో తిప్పలే. ఇది రోజూ తిరిగే బండి కదా. ఏం సేద్దాం?"

ఏం సేద్దాం అని నన్ను అడిగారు. ఆ మాట ఎంత తీపిగా తగిలిందంటే, నేను వేరే ఏదీ ఆలోచించలేదు. "మీకు కావాల్సింది వేగం కదా. పదకొండే తెప్పించండి," అన్నాను.

గేర్లు వచ్చాయి. మేస్త్రి తన కొట్టంలో బండిని విప్పి పెట్టుకున్నాడు. ఆ వారాల్లో ఆయన ప్రతి సాయంత్రం నా బల్ల దగ్గరే కూర్చునేవారు. ఏ వేగంలో ఏ గేరు నుంచి ఏ గేరుకు మారాలో పట్టిక వేశాం. గీతల కాగితం మీద వంపులు గీశాం. ఒకరోజు వస్తూ పునుగుల పొట్లం తెచ్చారు. నేను రాస్తుంటే ఒక్కొక్కటి నా వైపు జరిపారు.

అప్పుడే ఒక మధ్యాహ్నం, రెండో సంవత్సరం బీయస్సీ క్లాసులో, ఏళ్ళ తరబడి చెబుతూ వస్తున్న ఒక లెక్క బోర్డు మీద రాశాను. ఓడ గంటకు కాల్చే బొగ్గు దాని వేగపు ఘనంతో పెరుగుతుంది. ఏ వేగంలో పోతే ఖర్చు తక్కువ? 'ఘనం' అన్న మాట రాసి ఆగిపోయాను. సుద్దముక్క బోర్డు మీదే ఉంది. తోపు వర్గంతో పెరుగుతుంది, నిజమే. కానీ ఆ తోపుకు ఎదురుగా అంత వేగంతో పోవడానికి కావలసిన శక్తి లెక్కించాలంటే ఇంకొకసారి వేగంతో గుణించాలి. నేను గుణించలేదు. బోర్డు మూలలో చిన్నగా వేసి చూశాను. నలభై ఆరు కాదు, డెబ్బై నాలుగు. కొత్త ఇంజనుకు కూడా లేని బలం. దొర చెప్పింది గొప్పలే.

"మేడమ్?" అంది ముందు బెంచీ పిల్ల. మూలలో అంకెను తుడిచేసి పాఠం కొనసాగించాను.

అంత పెద్ద గేరును లాగలేక బండి పాత వేగం కూడా అందుకోదని నాకు ఆ క్షణమే తెలిసింది. ఉన్న ఇంజనుకు ఉన్న ఇరుసే సరైనది. ఇంకా బండి విప్పే ఉంది. ఒక్క మాట చెబితే మేస్త్రి పాత జతను తిరిగి ఎక్కించేవాడు.

చెప్పాలనే ఇంటికి వెళ్ళాను. ఆయన అప్పటికే బల్ల దగ్గర, పెన్సిలు చెక్కి పెట్టుకుని కూర్చున్నారు. "రా, రా. రెండు నించి మూడుకు యాడ మార్చాలనో మళ్ళా ఒకసారి సూద్దాం," అన్నారు. ఆ 'రా, రా' విన్నాక పెన్సిలు అందుకుని పక్కన కూర్చున్నాను. నేను తప్పు చేశానంటే ఆయన కోప్పడతారని భయం కాదు. లెక్క అయిపోతే ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళిపోతారని భయం. రేపు చెబుదామనుకున్నాను. మరుసటి రోజు కూడా అదే అనుకున్నాను. నాలుగో రోజు మేస్త్రి బండిని బిగించేశాడు.

బండి ఇంటికొచ్చిన పొద్దుటి నుంచే కష్టాలు. మొదటి గేరులోనే అరవై దాకా పోయే బండి, నడిచే మనిషి వెనక నడవలేదు. క్లచ్ సగం నొక్కిపట్టి ఈడ్చాలి. వంతెన దగ్గర గుండ్లు చేయించుకున్న యాత్రికుల గుంపు అడ్డం వస్తే మూడుసార్లు ఆగిపోయింది. కాలిన వాసన. వెనక లారీల హారన్లు. ఆయన చొక్కా వీపంతా తడిసింది. పన్నెండు నిమిషాల దారి అరగంట పట్టింది. వారం రోజులు అలాగే సాగింది.

"క్లచ్ పోయేట్టుండాది," అన్నారు ఒక పొద్దున. "కొన్నాళ్ళు నువ్వు రిక్షాలో పోరాదా?"

రిక్షాలో వెళ్ళాను. గేటు దగ్గర పిల్లలు, "కారు ఏది మేడమ్?" అని అడిగారు. బాగుచేస్తున్నారని చెప్పాను.

పులికాట్‌కు చలికాలంలో వెళ్ళాం. దారిలో ఊళ్ళన్నీ తప్పించుకుంటూ, ఎక్కడా ఆగకుండా, చీకట్లో బయలుదేరి ఎండ పడేసరికి చేరాం. నీళ్ళ మీద పొగమంచు, దూరంగా వరుసలుగా నిలబడ్డ కొంగలు. నన్ను రాయి దగ్గర దింపి ఆయన వెళ్ళిపోయారు. అంత చదును నేల మీద, అంత ఆకాశం కింద, చేతిలో గడియారంతో నేనొక్కతినే. ఇప్పుడైనా పరుగెత్తి చెప్పవచ్చు. కానీ ఆయన అప్పటికే చుక్కంత అయిపోయారు.

రొయ్యల బుట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకామె నన్ను చూసి ఆగింది.

"ఏమ్మా, ఈడ నిలబడుకోనుండావు? బస్సు ఈడ ఆపరే."

"బస్సు కోసం కాదు. మా ఆయన కారులో వస్తారు."

హెడ్‌లైట్లు వెలిగాయి. నొక్కాను. బండి వచ్చి, మా ముందు నుంచి దూసుకుపోయింది. గాలికి ఆమె బుట్ట పట్టుకుంది. ఇరవై ఆరు సెకన్లు. పాత గేర్ల కంటే ఒక సెకను ఎక్కువ.

"నిన్ను ఎక్కించుకోకుండా పోతాండాడే! యాడికి?" అంది ఆమె.

"ఎక్కడికీ కాదు. మళ్ళీ ఇటే వస్తారు."

"మరి ఎందుకమ్మా పోయేది?"

వాచీలోని అంకె రాసుకున్నాను. ఆమె కాసేపు నాతో పాటు నిలబడి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

ఆయన అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఆరుసార్లు పరుగెత్తించారు. ఇరవై ఆరు, ఇరవై ఆరున్నర, మళ్ళీ ఇరవై ఆరు. ఆఖరికి బండి ఆపి, ఇంజను కట్టేసి, దిగకుండా కూర్చున్నారు. నేను దగ్గరికి వెళ్ళాను.

"నాలుగో గేరులో వేస్తానే మూలుగుతాది," అన్నారు రోడ్డు వైపు చూస్తూ. "కాలు కిందిదాకా తొక్కినా కదల్లా. యాడనో తప్పు పోయింది. మేస్త్రి ఏమన్నా..."

"మేస్త్రి తప్పు కాదు. నా లెక్క తప్పు," అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు.

"ఒకసారి తక్కువ గుణించాను. నలభై ఆరు కాదు, డెబ్బై నాలుగు కావాలి. ఈ ఇంజను లాగలేదు."

"ఇప్పుడు తెలిసిందా?"

అవునని చెప్పి ఉండవచ్చు. "కాదు. బండి మేస్త్రి దగ్గర ఉన్నప్పుడే తెలిసింది," అన్నాను.

"బిగించక ముందేనా?"

"ముందే."

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూ ఉన్నారు. ఎందుకు చెప్పలేదని అడుగుతారని నిలబడ్డాను. అడిగితే చెప్పడానికి మాటలు కూర్చుకుంటున్నాను. అడగలేదు. రెండో వైపు తలుపు లోపలి నుంచి తెరిచి, "ఎక్కు. ఎండ ఎక్కతాంది," అన్నారు.

కాళహస్తి దగ్గర టీ తాగడానికి ఆగాం. అక్కడ మాత్రం, "యాడ తప్పింది, సూపించు," అన్నారు. గ్లాసు కింద పడ్డ నీళ్ళతో బల్ల మీద వేలితో రాసి చూపించాను. ఆయన తలూపారు. రాసింది ఆరిపోయేదాకా దాన్ని చూసి, లేచారు.

ఆ రోజు నుంచి ఆయన నా బల్ల దగ్గరికి రాలేదు. కోపం చూపించలేదు. నీళ్ళ తొట్టి ఎప్పటిలాగే నిండి ఉండేది. చారు బాగుంటే బాగుందని చెప్పేవారు. కానీ సాయంత్రాలు మళ్ళీ షెడ్డువైపోయాయి. కొన్నాళ్ళకు అక్కడి నుంచి చప్పుడు కూడా ఆగిపోయింది. తలుపు సందులోంచి చూస్తే, కారు పక్కన స్టూలు వేసుకుని ఊరికే కూర్చుని ఉన్నారు. నేను లోపలికి వెళ్ళలేదు. పట్టికలు, గీతల కాగితాలు అన్నీ ఒక అట్టలో పెట్టి బీరువాలో పడేశాను. ఆ చలికాలమంతా రేడియోలో వ్యవసాయదారుల కార్యక్రమం కూడా విన్నాను, ఇంట్లో ఏదో ఒక గొంతు ఉంటుందని.

మాఘమాసంలో ఒకరోజు బజారులో మేస్త్రి ఎదురుపడ్డాడు. యాభై దాటిన మనిషి, చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

"ఏమ్మా, రేపుటికి బండి అయిపోతాది. నువ్వింక రిక్షా మానేయచ్చు," అన్నాడు.

బండి అతని దగ్గరికి వెళ్ళిందని కూడా నాకు తెలియదు. నాలుగు రోజులుగా షెడ్డు తలుపు మూసే ఉండడం మాత్రం చూశాను.

"ఏం చేస్తున్నారు దానికి?"

"పాత సామానంతా మళ్ళా ఎక్కిస్తాండాను కదా. గేర్లూ, ఎనక ఇరుసూ, అంతా. నేను సెప్పినా సారుకు. దగ్గిర గేర్లు ఉంచుకో సారూ, ఇరుసు ఒగటి మార్సు, అప్పుడు బాగా పరిగెత్తుతాదీ అని. ఇనలా. పరుగు అక్కర్లేదు మేస్త్రీ, పొద్దున్నే కాలేజీ దాకా ఆగకుండా పోతే సాలు అన్న్యాడు."

కూరగాయల సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దున, గేటు ముందు కారు నిలబడి ఉంది. "పద," అన్నారు. ఎక్కాను. మొదటి గేరులో బండి ఎప్పటిలా మెత్తగా కదిలింది. వంతెన దగ్గర యాత్రికుల వెనక నత్తలా పోయింది, ఒక్కసారీ ఆగలేదు. పన్నెండు నిమిషాలు. గేటు దగ్గర దిగుతూ, "మేస్త్రి చెప్పాడు," అన్నాను. "ఊఁ," అని, వాచీ చూసుకుని, "అంగడి తెరవాల," అన్నారు.

ఆ రోజు నేను స్టాఫ్ రూములో కూర్చుని ఆలోచించాను. లెక్కలో నా తప్పును ఆయన క్షమించారు. నేను మాట దాచినందుకు మాత్రం కాదు. ఆ రెండూ వేరువేరని నాకు అప్పటిదాకా తెలియదు. కారులో నా సీటు నాకు తిరిగి ఇచ్చారు. బల్ల దగ్గర తన కుర్చీలోకి మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా లెక్క అవసరమైతే అంగడి పక్కన బ్యాంకు గుమాస్తా చేత చేయించుకునేవారని తెలిసింది. పులికాట్ వైపు మళ్ళీ వెళ్ళలేదు. నూట అరవై మాట ఎత్తలేదు.

అలా అయిదారేళ్ళు గడిచాయి. ఎనభైల మొదట్లో ఆయనకు నడుము నొప్పి పట్టుకుంది. అంత పొట్టి కారులోంచి లేవాలంటే తలుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగేవారు. ఒక వేసవిలో బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి బండిని చూసి, నచ్చి, కొనుక్కుపోయారు. బండి వీధి మలుపు తిరిగేదాకా మా ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. లోపలికొచ్చి చీపురు తీసుకుని షెడ్డు ఊడ్వడం మొదలుపెట్టారు. నేను కాఫీ తీసుకెళ్ళాను. ఆ షెడ్డులోకి నేను అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో.

"ఇంత సోటు ఉండిందా ఈడ," అన్నారు చుట్టూ చూసి. కాఫీ అందుకోలేదు. చీపురు మీద ఆనుకుని, నేల చూస్తూ, "ఆ పొద్దు నువ్వు ఎందుకు సెప్పలేదో నేనెప్పుడూ అడగలా," అన్నారు.

"అడగలేదు."

"ఎందుకు సెప్పలా?"

పులికాట్ ఒడ్డున కూర్చుకున్న మాటలు ఏవీ మిగల్లేదు. "చెబితే లెక్క అయిపోతుంది కదా. మీరు మళ్ళీ వచ్చి కూర్చోరని," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా కాదు. కష్టమైన లెక్క ఇచ్చినప్పుడు మా కాలేజీ పిల్లలు బోర్డు వైపు చూసే చూపు. "నాతో మాట్లాడాలంటే లెక్కే కావాల్నా?" అన్నారు.

"మీరే చెప్పండి. ఇంకేం మాట్లాడుకున్నాం మనం?"

ఆయన నిజంగానే ఆలోచించారు. బయట ఎవరో కూరగాయలు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక దూరమయ్యేదాకా ఆలోచించి, "ఏమో," అన్నారు. కాఫీ తీసుకుని, సగం తాగి, మిగతా మూల ఊడ్చారు.

మరుసటి పొద్దున నేను బస్సు స్టాపుకు బయలుదేరుతుంటే ఆయన చెప్పులేసుకుని వెంట వచ్చారు. నడుము నొప్పితో మెల్లగా నడుస్తున్నారు. నేనూ మెల్లగా నడిచాను. దారి పొడుగునా ఏదైనా మాట్లాడతారేమోనని చూశాను. ఆయన కూడా నా వైపు అలాగే చూసి ఉంటారు. బస్సు వచ్చింది. జనంలో తోసుకుని ఎక్కి, కిటికీలోంచి వంగి చూశాను. ఆయన నన్ను వేరే కిటికీల్లో వెతుకుతున్నారు. చెయ్యి ఊపేలోపల బస్సు కదిలింది.